పెసరగింజంత

ఒర్మోక్ రేవు వెనక, ఐస్ ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని
మా మామగారి బిలియర్డ్స్ కర్రల దుకాణం.
లేత్ ఆయనది, లాప్‌టాప్ నాది.
ఇద్దరికీ కలిపి ఒక ఫ్యాను, అది ఆయన వైపే తిరుగుతుంది.

కర్ర కావాలని వచ్చినవాళ్ళకి
ముందు తెర మీద చేసి చూపిస్తాను.
కమగాంగ్ నలుపు, నర్రా ఎరుపు, మేపుల్ తెలుపు,
చెక్కల ఫోటోలు తీసి గొట్టానికి చుట్టి
పట్టు దగ్గర మొదలెట్టి పైకి నాలుగు కోరలు దించుతాను,
ఒక్కో కోర అంచున దారమంత ఆకుపచ్చ పొర.
మౌస్ కదిపితే కర్ర గిర్రున తిరుగుతుంది,
వెలుతురు ఎటు పెడితే అటు మెరుస్తుంది.
"వాసన లేని చెక్క" అంటారు మామయ్య సెవెరో
మీసం మీది రంపప్పొట్టు దులుపుకుంటూ.
నిజమే. కానీ అక్కడ తప్పు కోస్తే
ఒక్క మీట నొక్కగానే అతుక్కుంటుంది.
ఇక్కడ అతుక్కోదు,
సాక్ష్యం ఆయన ఎడమచేతి చిటికెనవేలు.

మంగళవారం టియోఫిలో వచ్చాడు,
చేపల వేలంలో లెక్కలు రాసే మనిషి.
చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన మొదటి వాయిదా.
ఏ రంగు? నీ ఇష్టం.
ఎన్ని కోరలు? నీ ఇష్టం.
బరువు? పందొమ్మిది ఔన్సులు. అది మాత్రం తడుముకోలేదు.
పట్టుకి దారం చుట్టాలా? వద్దు.
ముత్యపుచిప్ప పొదగనా, పేరు చెక్కనా?
తల అడ్డంగా ఊపి, ఊపి,
చివరికి గొంతు తగ్గించి అన్నాడు:
"ఒక కాలిన మచ్చ కావాలి."

పాత కర్ర కిటికీకి చేరేసి ఉంటే
వాళ్ళన్న వెలిగించిన దోమల చుట్ట రాలి
పట్టు మీద కాలిందట, పెసరగింజంత.
ఏడాదిపాటు తిట్టిపోశాడట.
ఆ తర్వాత బొటనవేలు దానికే మరిగింది.
చూడకుండానే తెలిసేదట, చెయ్యి చోటుకొచ్చిందని.
తుఫాను రాత్రి ఇంట్లో నిలువెత్తు నీళ్ళు.
కర్ర పోయింది.
అన్న సంగతి అతను చెప్పలేదు. నేను అడగలేదు.

నల్లచెక్క బిళ్ళ గీసి పట్టు మీద పెట్టాను.
పెట్టగానే నాలుగు బిళ్ళలయ్యాయి.
ఒకటి తుడిస్తే నాలుగూ పోయాయి.
ఈ సాఫ్ట్‌వేర్‌కి తెలిసింది అద్దంలో అందమే,
ఇటొకటి ఉంటే అటొకటి ఉండి తీరాలి.
పక్కకి పెడితే తనే మధ్యకి లాక్కుంటుంది,
పెళ్ళి ఫోటోలో పెద్దత్తగారిలా.
సెట్టింగుల లోపలి సెట్టింగుల్లో దేవులాడి
అద్దం బొమ్మున్న మీట ఆర్పేశాను.
"ఇప్పుడు చెప్పు, ఎక్కడ?"

టియోఫిలో లేచాడు.
మూలనున్న తుడుపుకర్ర తీసి, గుడ్డ విప్పి బకెట్‌లో వేసి,
దుకాణం మధ్యలో కాళ్ళు కుదురుగా పెట్టి
వంగి, కళ్ళు మూసుకుని
లేని బల్ల మీద లేని బంతికి గురిపెట్టాడు.
మామయ్య లేత్ ఆపేశారు.
గోడ అవతల ఐసు పగలగొడుతున్న చప్పుడు.
బొటనవేలు రెండుసార్లు కిందకి జరిగి
ఒకసారి పైకి పాకి
ఆగింది.

తొమ్మిదంగుళాల మూడు నూళ్ళు.
తుడుపుకర్ర తూకం వేరని నాకు తెలుసు, అతనికీ తెలుసు.
అంకె కొట్టాను. మచ్చ వచ్చి కూర్చుంది,
నడిమి గీతకి కొంచెం ఎడంగా.
మామయ్య నా భుజం మీదుగా వంగి
"నిప్పు గుండ్రంగా కాల్చదమ్మాయ్" అన్నారు,
"తోక పెట్టు."
ఒక చుక్క పట్టుకుని లాగాను, తోకొచ్చింది.
టియోఫిలో తెర మీద వేలు పెట్టి
అద్దం చల్లగా ఉందన్నాడు.

నాలుగు కాయితాల మీద నిలువెత్తు బొమ్మ అచ్చు తీసి
టేపుతో అతికించి ఇచ్చాను.
అసలు చెక్క ఇంకా దూలానికి వేలాడుతోంది,
ఆరాలి, వంకర తీరాలి, ఎనిమిది నెలలైనా పడుతుంది.
అతను కాయితాన్ని తుడుపుకర్రకి చుట్టుకుని
ఒకసారి వంగి చూసుకుని
అలాగే భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం నుంచి
దుకాణంలో రంపప్పొట్టు
చీపురుతోనే ఊడుస్తున్నాను.